వీల్‌చైర్‌లోనే కూర్చుని వెళ్లేలా ఇంటి వ్యాన్‌ను మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బండి కొన్నాక చూసుకోవచ్చా, కొనకముందే ఏమైనా తేల్చుకోవాలా?

కొనకముందే తేల్చుకోండి. చాలా ఇళ్లలో జరిగేది ఏంటంటే, బండి నచ్చుతుంది, ధర కుదురుతుంది, తెచ్చి ఇంటి ముందు పెడతారు, ఆ తర్వాత కుర్చీతో సహా మనిషిని ఎక్కించబోతే తల డోరు పై అంచుకి తగులుతుంది. అక్కడి నుంచి ప్రతి మార్పులోనూ రాజీ పడాల్సిందే. ముందు మనిషి, తర్వాత ఆ మనిషి కూర్చునే కుర్చీ, ఆఖరున బండి, ఈ వరసలోనే ఆలోచించాలి. కుర్చీని బండిలోకి ఎక్కించడం సగం పని కూడా కాదు. అందులో కూర్చున్న మనిషి మిగతా అందరిలాగే ముందుకు చూస్తూ, అందరితో మాట్లాడుతూ, పొరపాటున బండి దేనికైనా గుద్దుకున్నా మిగతా వాళ్లతో సమానంగా క్షేమంగా ఉండేలా ప్రయాణించాలి. ఖర్చు, సౌకర్యం, అందం అన్నీ దీని తర్వాతే.

ఏమేం కొలవాలి?

మనిషి కుర్చీలో కూర్చుని ఉండగా కొలవాలి, ఖాళీ కుర్చీని కాదు. రోజూ వాడే కుషన్ వేసి, చెప్పులో బూట్లో తొడుక్కుని, వెనక తగిలించే సంచీ ఉంటే అది కూడా తగిలించి కొలవండి. కుర్చీని గోడ పక్కన ఆపి, తల మీద ఒక స్కేలో అట్టముక్కో సమంగా ఆనించి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, నేల నుంచి ఆ గీత దాకా టేపు పట్టండి. పెద్దవాళ్లకి ఇది 130 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది, పొడుగ్గా ఉన్నవాళ్లకి, పవర్ చైర్ (మోటారుతో నడిచే కుర్చీ) వాడేవాళ్లకి 140 దాటొచ్చు. మామూలు కుటుంబ వ్యాన్లలో చాలావాటి డోరు ఎత్తు దీనికంటే తక్కువే ఉంటుంది, అసలు చిక్కు అక్కడే.

తర్వాత పొడవు, అంటే ఫుట్‌రెస్ట్ మీద ఉన్న కాలి వేళ్ల కొస నుంచి వెనక చక్రం చివరి దాకా. వెడల్పు కొలిచేటప్పుడు చక్రాల దగ్గరే ఆగిపోకండి, పవర్ చైర్‌ని నడిపే జాయ్‌స్టిక్ ఎంత బయటికి వస్తుందో, మోచేతులు ఎంత పక్కకి వస్తాయో కూడా చూడండి. కుర్చీ వెనక్కి వాలేది అయితే వాల్చి ఇంకోసారి అన్నీ కొలవాలి, ఎందుకంటే వాలినప్పుడు తల కిందికి వస్తుంది గానీ కాళ్లు ముందుకి సాగుతాయి. కుర్చీ ఒకే చోట చుట్టూ తిరగడానికి ఎంత జాగా పడుతుందో నేల మీద చాక్‌పీస్‌తో గీసి చూడండి, భవనాల్లో సాధారణంగా ఇందుకు 150 సెంటీమీటర్ల వలయం వదులుతారు, వ్యాన్ లోపల అంత ఉండదు.

అందరూ మర్చిపోయే కొలత కళ్ల ఎత్తు. మామూలు సీటుకన్నా వీల్‌చైర్ ఎత్తుగా ఉంటుంది, ఫ్లోర్ దించని, అంటే అడుగుని కోసి కిందికి మార్చని బండిలో అలాగే ఎక్కిస్తే కళ్లు కిటికీ పై అంచు దగ్గరికి వెళ్లిపోతాయి. మా నాన్నకి అలాంటి బండిలో కనిపించేది రోడ్డు అంచు, పక్క బండ్ల చక్రాలు, అంతే. దూరంగా ఉన్నది ఏదీ కనిపించక, మలుపు ఎప్పుడు వస్తుందో తెలియక కడుపులో తిప్పేది. వాంతులు అవుతున్నాయని మందులు వేసేముందు ఒకసారి ఆ ఎత్తులో మీరు కూర్చుని బయటికి చూడండి.

సీటులోకి మారగలిగిన మనిషికి ఇదంతా అవసరమా?

సాయంతోనైనా బండి సీటులోకి మారగలిగితే, మారడమే మంచిది. బండి సీటు, దాని బెల్టు, ఎయిర్‌బ్యాగు కలిపి పరీక్షించి చేసినవి, ఏ వీల్‌చైరూ అంత రక్షణ ఇవ్వదు. బయటికి తిరిగి కిందికి దిగే స్వివెల్ సీటు, కుర్చీ నుంచి సీటుకి జరగడానికి మధ్యలో వేసే నున్నటి ట్రాన్స్‌ఫర్ బోర్డు లాంటివి పెట్టుకుంటే చాలామందికి అది సరిపోతుంది. ఖాళీ అయిన కుర్చీని మాత్రం వెనక ఊరికే పడేయకుండా కట్టేయాలి, గట్టిగా బ్రేక్ పడితే అది నేరుగా ముందు వాళ్ల మీదికే వస్తుంది.

కానీ మారడం అంటే ప్రతిసారీ భుజం లాగేయడం, నొప్పి, ఎత్తేవాళ్ల నడుం పట్టేయడం అయితే, ఆ మనిషి నెమ్మదిగా బయటికి రావడమే మానేస్తారు. "ఎందుకులే, మీరు వెళ్లిరండి" అనడం మొదలుపెట్టారంటే కుర్చీలోనే కూర్చుని వెళ్లే ఏర్పాటు గురించి ఆలోచించాల్సిన సమయం వచ్చినట్టే.

ర్యాంపా, లిఫ్టా?

ఫ్లోర్ నేలకి ఎంత ఎత్తులో ఉందో చూసి చెప్పాల్సిన సంగతి ఇది. తక్కువ ఎత్తు అయితే ర్యాంపు. అది చౌక, పాడయ్యేది తక్కువ, కరెంటు లేకపోయినా చేత్తో తెరుచుకోవచ్చు. ఎత్తు ఎక్కువైతే, పవర్ చైర్ బాగా బరువైనది అయితే లిఫ్టు. లిఫ్టుకి హైడ్రాలిక్ పంపు, మోటారు, వైర్లు ఉంటాయి కాబట్టి సర్వీసింగ్ తప్పదు, అదీగాక లిఫ్టు బరువే 100 కిలోలు దాటుతుంది. బ్యాటరీ పడుకున్నా చేత్తో ఎత్తి దించుకునే పంపు లిఫ్టుకి ఉండి తీరాలి, అది ఎక్కడుందో ఎలా నొక్కాలో ఇంట్లో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి.

లిఫ్టు కొనేటప్పుడు ప్లాట్‌ఫాం కొలత, మోసే బరువు రెండూ చూడండి. అమెరికాలో ప్రజా రవాణా బండ్ల లిఫ్టుకి నియమం పెట్టింది కనీసం 76 సెంటీమీటర్ల వెడల్పు, 122 పొడవు, 272 కిలోల మోత. పెద్ద పవర్ చైర్లకి, కాళ్లు చాపుకుని కూర్చోవాల్సిన వాళ్లకి ఆ పొడవు చాలకపోవచ్చు. లిఫ్టు పైకి లేచాక తల డోరు పై అంచుకి తగలకుండా వెళ్తుందా అన్నది కూడా ముందే చూసుకోవాలి.

ర్యాంపు ఎంత పొడవుండాలి?

లెక్క చాలా సులువు, కానీ ఫలితం చూసి అందరూ నీరసపడతారు. ఫ్లోర్ ఎత్తు 50 సెంటీమీటర్లు అనుకోండి. భవనాల్లో పెట్టే 1:12 వాలు (12 సెంటీమీటర్ల పొడవుకి 1 సెంటీమీటరు ఎత్తు) కావాలంటే 6 మీటర్ల ర్యాంపు కావాలి, వ్యాన్‌కి అది అయ్యే పని కాదు. మనిషి కూర్చుని ఉండగా వెనక ఒకరు నెట్టేలా అయితే 1:6 వాలు దాకా వెళ్లొచ్చని పోర్టబుల్ ర్యాంపులు చేసేవాళ్లు చెబుతారు, అప్పుడు 3 మీటర్లు. 1:4 పెడితే 2 మీటర్లకే సరిపోతుంది, కానీ అక్కడే ప్రమాదం.

ఎందుకో చూడండి. మనిషి 70 కిలోలు, చేత్తో నెట్టే మామూలు కుర్చీ 20 కిలోలు, మొత్తం 90. ఈ బరువుని 1:12 వాలు మీద నెట్టాలంటే సుమారు 7 కిలోలు మోసేంత బలం పెడితే చాలు, 1:6 మీద 15 కిలోలంత, 1:4 మీద 22 కిలోలంత. నెట్టేది అరవై దాటిన భార్యో భర్తో అయితే, ర్యాంపు తడిసి ఉంటే, సగంలో ఊపిరి అందకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా అంత ఏటవాలు మీద కుర్చీ బరువంతా వెనక చక్రాల మీదికి పోయి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు ఉన్న కుర్చీకి ఇంకో తంటా, అవి ర్యాంపు మొదట్లోనే తట్టుకుంటాయి. పవర్ చైర్‌కి ఎంత వాలు దాకా ఎక్కగలదో దాని మాన్యువల్‌లో రాసి ఉంటుంది, దాన్ని మించొద్దు.

కాబట్టి ర్యాంపుని పొడిగించడం కంటే ఫ్లోర్‌ని కిందికి తేవడమే మేలైన దారి. ఎక్కించేటప్పుడు బండిని పేవ్‌మెంట్ పక్కన ఆపితే ర్యాంపు కొస దాని మీద పడి వాలు తగ్గుతుంది, ఇది పక్క డోరు ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది.

ఫ్లోర్ దించడం అంటే ఏం చేస్తారు?

బండి ఫ్లోర్‌ని కోసి తీసేసి, సాధారణంగా 25 నుంచి 35 సెంటీమీటర్లు కిందికి కొత్త ఫ్లోర్ కడతారు. దానికోసం ఇంధన ట్యాంకు, ఎగ్జాస్ట్ గొట్టం, బ్రేకు పైపులు, వైర్లు అన్నీ పక్కకి మార్చాలి, సస్పెన్షన్ కూడా మార్చాల్సి రావొచ్చు. దీనివల్ల డోరు ఎత్తు పెరుగుతుంది, ర్యాంపు వాలు తగ్గుతుంది, కళ్లు కిటికీ మధ్యకి వస్తాయి, అంటే మూడు సమస్యలు ఒకేసారి తీరతాయి. కొన్ని బండ్లు డోరు తెరిచినప్పుడు ఒక పక్కకో వెనక్కో కొంచెం కిందికి వంగుతాయి కూడా, దాంతో వాలు ఇంకా తగ్గుతుంది. నష్టం ఏంటంటే నేలకి, బండి అడుగుకి మధ్య ఖాళీ తగ్గుతుంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర, గుంతల్లో అడుగు రాసుకుంటుంది.

ఇది మామూలు గ్యారేజీ పని కాదు. బండి గుద్దుకున్నప్పుడు దెబ్బని మోసేది ఆ ఫ్లోరే, దాన్ని కోసి మళ్లీ కట్టినప్పుడు అదే బలం వచ్చిందని పరీక్షలో నిరూపించిన డిజైన్ ఉన్నవాళ్లే చేయాలి. ఎక్కువ ఎలక్ట్రిక్ బండ్లలో బ్యాటరీ ఫ్లోర్ కిందే ఉంటుంది. అక్కడ కోయడం సంగతి వదిలేయండి, డ్రిల్లింగ్ కూడా ప్రాణాంతకం కావొచ్చు.

పక్క డోరు మంచిదా, వెనక డోరు మంచిదా?

రెండింటినీ మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. పక్క డోరులోంచి ఎక్కితే పేవ్‌మెంట్ మీదికి దిగొచ్చు, ట్రాఫిక్‌లోకి కాదు. కుర్చీని ముందు సీటు పక్కకో దాని వెనక్కో తేవొచ్చు. కానీ ర్యాంపు తెరవడానికి, కుర్చీ దాని మీదికి తిరగడానికి పక్కన సుమారు 2.4 మీటర్ల ఖాళీ కావాలి. ఎక్కాక లోపల 90 డిగ్రీలు తిరిగి ముందుకి చూడాలి, పొడవైన కుర్చీకి అది కుదరదు.

వెనక డోరు అయితే నేరుగా లోపలికి, నేరుగా బయటికి, తిరగడం అన్నదే లేదు. పొడవైన కుర్చీలకి, తల నిలపలేని వాళ్లకి ఇది తేలిక. కష్టం ఏంటంటే దిగేది రోడ్డు మీదికే, వెనక ఇంకో బండి ఆగిందంటే బయటికి రాలేరు, పైగా కుర్చీ వెనక చక్రాల మీదికి వస్తే ప్రతి గుంతా వెన్నులో తెలుస్తుంది.

నన్నడిగితే పక్క డోరు కుదిరినంతవరకు పక్క డోరే. వెనక మూలన ఒక్కరే కూర్చుని ముందు వాళ్ల మాటలు సగం సగం వింటూ వెళ్లడం ఏళ్ల తరబడి చాలా పెద్ద లోటు. వెనక డోరు తప్పకపోతే, కనీసం కుర్చీ పక్కన ఇంకో సీటు ఉండేలా చూసుకోండి.

కుర్చీని పక్కకి తిప్పి పెడితే జాగా కలిసొస్తుంది కదా?

వద్దు. ముందుకే చూడాలి. పక్కకి తిరిగి కూర్చున్న మనిషిని ఎదురుగా గుద్దుకున్నప్పుడు ఏ బెల్టూ సరిగ్గా పట్టదు, కుర్చీ ఫ్రేము కూడా ఆ దిశలో బలంగా ఉండదు.

తల చుట్టూ ఖాళీ కూడా వదలాలి. నడుం బెల్టు, భుజం బెల్టు రెండూ ఉంటే తల ముందు 65 సెంటీమీటర్లు, నడుం బెల్టు మాత్రమే ఉంటే 95, తల వెనక 40, ఈ మేరలో గట్టి వస్తువు ఏదీ ఉండకూడదు. తప్పనిసరి అయి ఏదైనా ఉంటే దానికి మందపాటి ప్యాడింగ్ వేయాలి.

కుర్చీని ఎలా కట్టాలి?

బాగా వాడుకలో ఉన్నది నాలుగు పట్టీల పద్ధతి. ముందు రెండు, వెనక రెండు. ఒక కొస ఫ్లోర్‌లో ఉన్న ట్రాక్‌కి (పొడవాటి లోహపు గాడి) లేదా యాంకర్‌కి (పట్టీ తగిలించడానికి ఒకే చోట బిగించిన ఆధారం), ఇంకో కొస హుక్‌తో కుర్చీ ఫ్రేముకి. వెనక పట్టీలు ఫ్లోర్‌తో 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, ముందువి 40 నుంచి 60 డిగ్రీల్లో ఉండాలి. వెనక పట్టీలు నేరుగా కుర్చీ వెనక్కి రావాలి, ముందువి కాస్త ఎడంగా ఉంటే కుర్చీ పక్కలకి ఊగదు.

హుక్ ఎక్కడ తగిలిస్తారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. వెల్డింగ్ చేసిన గట్టి ఫ్రేము మూలకి తగిలించాలి. చక్రాలకి, చక్రం పుల్లలకి, ఫుట్‌రెస్టులకి, చేతులు ఆనించుకునే భాగానికి, ఊడి వచ్చే ఏ భాగానికీ తగిలించకూడదు. ప్రయాణానికి పనికొచ్చేలా చేసిన కుర్చీల మీద ఆ నాలుగు చోట్లా హుక్ బొమ్మ ముద్రించి ఉంటుంది. లేని కుర్చీ అయితే తయారీదారుని అడిగి, వాళ్లు చూపించిన నాలుగు చోట్లా ఎర్ర టేపు చుట్టేయండి. ఆరోజు ఎవరు కట్టినా, చీకట్లో కట్టినా, హుక్ అక్కడికే వెళ్తుంది.

వరస ఇది. కుర్చీని నిటారుగా ముందుకి ఆపి బ్రేకులు వేయాలి, పవర్ చైర్ అయితే స్విచ్ ఆపాలి. ముందు పట్టీలు తగిలించాలి, తర్వాత వెనకవి, ఆఖరున వెనక నుంచి బిగించాలి. పట్టీ ఎక్కడా మెలి తిరగకూడదు, పదునైన అంచు మీద రాసుకోకూడదు. తర్వాత హ్యాండిళ్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపి చూడండి. మామూలు ప్రయాణంలో కుర్చీ ఏ వైపుకైనా 5 సెంటీమీటర్లు మించి కదలకూడదని అమెరికా ప్రజా రవాణా నియమం చెబుతుంది, ఇంటి బండికి కూడా అదే కొలత పెట్టుకోండి, నిజానికి బాగా బిగిస్తే అంత కూడా కదలదు.

కుర్చీ బ్రేకులు వేస్తే చాలదా?

చాలదు. ఆ బ్రేకులు కుర్చీ దొర్లకుండా ఆపేవి మాత్రమే. ఈ పట్టీల కోసం పెట్టుకున్న ప్రపంచ ప్రమాణం ఐఎస్‌ఓ 10542, కుర్చీల కోసం ఐఎస్‌ఓ 7176-19. ఈ పరీక్షల్లో గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దుకున్నట్టు, మనిషి ఆకారం బొమ్మని కూర్చోబెట్టి పరీక్షిస్తారు, ఆ క్షణంలో ప్రతి వస్తువూ తన బరువుకి సుమారు 20 రెట్ల బలంతో ముందుకి దూకుతుంది. 150 కిలోల పవర్ చైర్ అంటే 3 టన్నులు. బట్టలారేసే తాడు, సామాను కట్టే బంగీ తాడు, మెకానిక్ దగ్గర దొరికే కొక్కెం, వీటిల్లో ఏదీ ఆ 3 టన్నుల్ని ఆపలేదు.

సీటు బెల్టు ఎలా పెట్టాలి? కుర్చీకి ఒక బెల్టు ఉంది, అది సరిపోదా?

కుర్చీతో వచ్చేది చాలావరకు మనిషి జారకుండా సరిగా కూర్చోబెట్టే బెల్టు. ప్రమాదంలో అది తెగిపోతుంది, లేకపోతే దాన్ని పట్టుకున్న స్క్రూ ఊడిపోతుంది. అది ఉంచుకోండి, కానీ దానిపైన బండికి బిగించిన నడుం బెల్టు, భుజం బెల్టు వేరుగా ఉండాలి. ప్రమాద పరీక్షలో నెగ్గిన బెల్టుతో వచ్చే కుర్చీలు కొన్ని ఉన్నాయి, వాటి మీద ఆ సంగతి రాసి ఉంటుంది.

నడుం బెల్టు పొట్ట మీద కాకుండా, తొడల పైన, తుంటి ఎముకల మీద కిందుగా ఉండాలి. కుర్చీలో ఇది ఎందుకు తప్పుతుందంటే, చేతులు ఆనించుకునే భాగం అడ్డం వస్తుంది, దాంతో బెల్టుని దాని పైనుంచి వేసేస్తారు. అలా వేస్తే బెల్టుకి, ఒంటికి మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉండిపోతుంది, బండి ఆగిన క్షణంలో మనిషి కిందుగా జారి బెల్టు పొట్టలోకి దిగుతుంది. ఆర్మ్‌రెస్ట్ కిందుగా, లోపలి నుంచి బెల్టు కొసని తోసి, రెండో వైపు నుంచి లాగాలి. వేళ్లతో తడిమి చూస్తే బెల్టు కింద తుంటి ఎముక తెలియాలి. భుజం బెల్టు మెడని కోయకుండా, భుజం మీది నుంచి జారకుండా కాలర్ బోన్ (మెడకీ భుజానికీ మధ్య ఉండే ఎముక) మధ్య నుంచి రావాలి, పైకొస భుజం ఎత్తులోనో అంతకంటే పైనో ఉండాలి.

కుర్చీ వీపు నిటారు నుంచి 30 డిగ్రీలు మించి వాలి ఉండకూడదు. కుర్చీకి తగిలించే గట్టి ట్రే ఉంటే తీసి పక్కన కట్టేయండి.

నాలుగు పట్టీలు ప్రతిసారీ కట్టడం కష్టం. తేలికైన మార్గం ఉందా?

ఉంది. డాకింగ్ అంటారు. కుర్చీ అడుగున ఒక ఇనుప బ్రాకెట్, ఫ్లోర్ మీద ఒక లాక్ ఉంటాయి, కుర్చీని ముందుకి నడిపితే క్లిక్‌మని పట్టేస్తుంది, స్విచ్ నొక్కితే వదులుతుంది. ఎవరి సాయమూ లేకుండా తామే ఎక్కి దిగాలనుకునే వాళ్లకి ఇది గొప్ప స్వేచ్ఛ. కానీ ఆ బ్రాకెట్ ఆ కుర్చీ మోడల్‌కి పరీక్షించి ఉండాలి. దానివల్ల కుర్చీ అడుగు కిందికి వస్తుంది కాబట్టి గడపలు, గతుకులు తగలొచ్చు. కుర్చీ మారిస్తే మళ్లీ కొత్త బ్రాకెట్. ఇది పెట్టుకున్నా నాలుగు పట్టీలు బండిలో ఉంచుకోండి, లాక్ మొరాయించిన రోజు అవే దిక్కు.

తెలిసిన మెకానిక్ ఉన్నాడు, ఫ్లోర్‌కి కొక్కేలు వెల్డింగ్ చేసేస్తానంటున్నాడు. చేయించొచ్చా?

ఆయన పనితనం మీద అనుమానంతో చెప్పడం లేదు. ఫ్లోర్ రేకు చాలా పల్చన, దానికి వెల్డ్ చేసిన కొక్కెం గట్టిగా గుద్దుకున్నప్పుడు రేకుతో సహా చిరిగి పైకి వస్తుంది. యాంకర్లు ఛాసిస్ (బండి అడుగున ఉండే గట్టి చట్రం) బీముకి పట్టాలి, లేదా ఫ్లోర్ కింద మందపాటి స్టీలు ప్లేటు పెట్టి, పట్టీల కంపెనీ చెప్పిన గ్రేడు బోల్టులతో, వాళ్లు చెప్పిన బిగుతుతో బిగించాలి. డ్రిల్ పెట్టేముందు కింద బ్రేకు పైపు ఉందా, ఇంధన పైపు ఉందా అని బండి కిందికి దూరి చూడాలి. తలుపు పక్కన తుడవడానికి వీలుగా రబ్బరు మ్యాటు వేయడం, చేతికి పట్టుకునే కడ్డీ పెట్టడం, లోపల లైటు వేయడం, ఇలాంటివన్నీ ఆయనతో చేయించుకోండి. మనిషి ప్రాణం ఆధారపడే బోల్టులు మాత్రం పరీక్షించిన కిట్‌తో, అది బిగించడం తెలిసినవాళ్లతోనే చేయించండి.

బండి ఇంత బరువు మోయగలదా?

లెక్క వేయండి. బండి గరిష్ట బరువు ఎంతో డోరు ఫ్రేము దగ్గర రేకు మీదో, పుస్తకంలోనో ఉంటుంది. దాంట్లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది మనుషులకి, సామానుకి, చేసిన మార్పులకి అన్నిటికీ కలిపి. పవర్ చైర్ 150, అందులో మనిషి 70, లిఫ్టు 120, ఇక్కడికే 340 కిలోలు, ఇంకా డ్రైవరు ఎక్కలేదు. తీసేసిన సీట్ల బరువు కొంత కలిసొస్తుంది. ఈ బరువంతా ఒకే మూల పడితే వెనక యాక్సిల్ పరిమితి దాటొచ్చు, టైర్లు ఎంత మోస్తాయో కూడా చూడాలి. పని అయ్యాక మనుషులతో సహా ఒకసారి వేబ్రిడ్జి మీద తూయించేస్తే అనుమానం తీరిపోతుంది.

దూరప్రయాణంలో ఒంటికి సంబంధించి ఏం చూసుకోవాలి?

దీని గురించి బండ్లు మార్చేవాళ్లు ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా.

స్పర్శ లేని వాళ్లకి ఒత్తిడి పుండ్ల (ఒకేచోట నొక్కుకుపోయి పడే పుండ్ల) భయం ఎప్పుడూ ఉంటుంది, బండి కుదుపులతో అది ఇంకా పెరుగుతుంది. 15 నుంచి 30 నిమిషాలకోసారి ఒత్తిడి తగ్గించాలని సాధారణంగా చెబుతారు. కట్టేసిన కుర్చీలో, నడుస్తున్న బండిలో అది కుదరదు, కాబట్టి ఆగే చోట్లు ముందే అనుకుని బయల్దేరాలి. ఆగాకే కుర్చీ వాల్చాలి. ఎండలో ఆగిన బండిలో బెల్టు బకిల్ కాలిపోతూ ఉంటుంది, స్పర్శ లేని తొడ మీద అది పడితే కాలిన సంగతి కూడా తెలియదు, వేసేముందు మీ చేత్తో తాకి చూడండి.

వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలిన వాళ్లకి, ముఖ్యంగా ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస, దానికి పైన అయితే, దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కిపోతుంది. ఏసీ గాలి కుర్చీ ఉన్న చోటికి వస్తుందా అన్నది వాళ్లకి సుఖం కోసం కాదు, ఆరోగ్యం కోసం. ఇదే మనుషుల్లో ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే అత్యవసర పరిస్థితి రావొచ్చు, అంటే కింద ఏదో ఇబ్బంది కలిగితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, దెబ్బకి పైభాగంలో చెమటలు. బండిలో దీనికి మామూలు కారణం నడుం బెల్టు కింద యూరిన్ ట్యూబు మడతపడడం. బెల్టు బిగించాక వేలితో ట్యూబు వెంట కింది సంచీ దాకా తడిమి చూడండి, ఎక్కడా నలిగి ఉండకూడదు. లక్షణాలు కనిపిస్తే బండి ఆపి, నిటారుగానే కూర్చోబెట్టి, బెల్టూ బట్టలూ వదులు చేసి, ట్యూబు సరిచేసి, వెంటనే వైద్య సాయం కోరాలి.

ఆక్సిజన్ సిలిండరు, వెంటిలేటరు ఉంటే?

ఒడిలో పెట్టొద్దు, కుర్చీ హ్యాండిల్‌కి వేలాడదీయొద్దు. ఫ్లోర్‌కి బిగించిన బ్రాకెట్‌లో విడిగా కట్టాలి, సిలిండరు వాల్వుకి దెబ్బ తగలకుండా చూసుకోవాలి. ఆగిన బండిలో ఎండకి వదిలేయకూడదు. వెంటిలేటరు చూసుకునే మనిషి డ్రైవరు కాకుండా ఇంకొకరు పక్కన ఉండాలి.

పిల్లలకి ఇదంతా చేయిస్తే ఎన్నాళ్లు పనికొస్తుంది?

పిల్ల పెరుగుతుంది, కుర్చీ మారుతుంది, మామూలు కుర్చీ నుంచి పవర్ చైర్‌కి వెళ్లొచ్చు. అందుకే ఇప్పటి కొలతకి కాకుండా పెద్దయ్యాక వచ్చే కొలతకి డోరు, మోత చూసుకోండి. ఒకే చోట బిగించే యాంకర్ల కంటే పొడవాటి ట్రాకులు వేయించండి, పట్టీల చోటు జరుపుకోవచ్చు. భుజం బెల్టు ఎత్తు మార్చుకునేలా ఉండాలి. కూర్చున్నప్పుడు తల, మెడ నిలపగలిగే చిన్న పిల్లలకి కుర్చీ కంటే పిల్లల కారు సీటే మంచిది.

అసలు ఇలాంటి బండ్లు ఎవరు మొదలుపెట్టారు?

ఎవరికి అవసరమో వాళ్లే. అమెరికాలోని ఇండియానాలో రాల్ఫ్ బ్రాన్ అనే ఆయనకి చిన్నప్పుడే కండరాల జబ్బు వచ్చింది. 1966లో ఆయన ఒక పాత పోస్టల్ జీపుకి వెనక హైడ్రాలిక్ లిఫ్టు, చేతులతో నడిపే కంట్రోల్స్ పెట్టుకుని తానే నడుపుకుంటూ తిరిగాడు. 1970లో పెద్ద డాడ్జ్ వ్యాన్ రాగానే దానికి లిఫ్టు చేశాడు. అది చూసి మిగతావాళ్లు మాకూ కావాలన్నారు, తర్వాత ఆయన కంపెనీ ఫ్లోర్ దించిన మినీవ్యాన్లు కూడా చేసింది. కుర్చీలో కూర్చునే మనిషిని అడగకుండా బండిలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదని నేను గట్టిగా అనేది అందుకే. ఎక్కడ కూర్చోవాలి, ఏది కనిపించాలి, ఎవరు కట్టాలి అన్నది వాళ్లనే అడగండి. మాట్లాడలేని వాళ్లైతే కొంచెం దూరం తిప్పి ముఖం చూడండి.

వాళ్లే నడపాలనుకుంటే?

అది వేరే స్థాయి పని. చేత్తో తోసి లాగే యాక్సిలరేటర్, బ్రేకు కంట్రోళ్లు, స్టీరింగ్ మీద గుండ్రటి పిడి, ఎడమ కాలి యాక్సిలరేటర్, ఇలాంటివి చాలా ఉన్నాయి. ఏది కావాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు తామే చేసుకునేలా సాయపడే నిపుణులు) బలం, చూపు, స్పందన అన్నీ చూసి చెప్పాలి, అది కాకుండా కొనొద్దు. లైసెన్సు నియమాలు కూడా ముందే కనుక్కోవాలి.

కాగితాల పని ఏమైనా ఉందా?

ఉంది. సీట్ల సంఖ్య మారితే, ఫ్లోరో సస్పెన్షనో మారితే బండి రిజిస్ట్రేషన్‌లో నమోదు చేయించాలి. అనుమతి ముందే తీసుకోవాలా, పని అయ్యాక తనిఖీ చేయించాలా అన్నది కనుక్కుని మొదలుపెట్టండి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే క్లెయిము దగ్గర చిక్కొస్తుంది. మార్పుల విలువ కూడా పాలసీలో చేర్చమని రాతపూర్వకంగా అడగండి.

ఇప్పటికే మార్చిన పాత బండి దొరుకుతోంది. తీసుకోవచ్చా?

చాలా మంచి దారి, ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ ఇంజనుకంటే ముందు బండి కింద చూడండి. దించిన ఫ్లోర్ నీళ్లకీ బురదకీ దగ్గరగా ఉంటుంది, అతుకుల దగ్గర తుప్పు ఉంటే వదిలేయండి. ర్యాంపు కీళ్లు, డోరు మోటారు పదిసార్లు తెరిచి మూసి చూడండి. మ్యాటు ఎత్తి ట్రాకుల్లో ఇసుక, తుప్పు ఉన్నాయేమో చూడండి. పట్టీలు అంచుల్లో పీచు లేచినా, రంగు వెలిసి గట్టిపడినా కొత్తవి కొనుక్కోవాలి. ఒకసారి ప్రమాదంలో వాడిన పట్టీలు చూడటానికి బాగున్నా మళ్లీ వాడకూడదు, బండి చరిత్ర తెలియకపోతే పట్టీలన్నీ మార్చేయడమే మంచిది. అన్నిటికంటే ముందు, కొనేముందు మీ మనిషిని, మీ కుర్చీతోనే ఎక్కించి, కట్టి, ఓ గంట తిప్పి చూడండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకోటి చూసుకోండి.

లోపల ఉండగా ఏదైనా జరిగితే త్వరగా బయటికి ఎలా?

బెల్టు కోసే చిన్న కత్తి డ్రైవరుకి ఒకటి, కుర్చీ పక్కన ఒకటి. మంటలార్పే సిలిండరు అందేచోట. ర్యాంపు, లిఫ్టు చేత్తో తెరిచే మార్గం తెలిసి ఉండాలి, ర్యాంపు తెరుచుకోకపోతే రెండో డోరులోంచి మనిషిని ఎత్తి దించే దారి కూడా అనుకుని ఉంచుకోవాలి, అందుకు కుర్చీలో కింద పరిచే ఎత్తే గుడ్డ ఒకటి పెట్టుకుంటే ఇద్దరు చాలు. పగలు ఒకసారి, రాత్రి లైటు ఆపి ఒకసారి ఇంటి ముందే చేసి చూడండి. ఎవరు పట్టీ కోయాలి, ఎవరు తల పట్టుకోవాలి, ఎవరు కాళ్లు పట్టుకోవాలి అన్నది కుర్చీలో ఉన్న మనిషే చెప్పేలా అలవాటు చేస్తే ఇంకా మంచిది, ఆ రోజు సాయానికి వచ్చేది మీ ఇంటివాళ్లే అయి ఉండనక్కర్లేదు.